ఊ కొట్టినందుకు

పనిమీద శ్రీకాకుళం నుంచి గుంటూరు వెళ్లి, బ్రాడీపేటలో ఒక చిన్న మెస్‌లో భోజనానికి కూర్చున్నాను. యజమానురాలే వచ్చి కోడి వేపుడు, రొయ్యల ఇగురు, చేపల పులుసు అంటూ గబగబా చెబుతుంటే, మర్యాదకి ఒక్కోదానికీ ఊ కొట్టాను. మూడూ వచ్చాయి.

బిల్లు చూశాక పౌరుషం వచ్చింది. "నేనడిగింది భోజనం ఒక్కటేనండీ. మీరు చెబుతున్నారని ఊ అన్నానంతే," అన్నాను గట్టిగా.

"ఊ కొట్టడానికి నేనేమన్నా కథ చెప్పానా అండీ?" అందావిడ.

పక్క బల్లల వాళ్లు పకపకా నవ్వారు. అయినా నేను తగ్గలేదు. అడగనివాటికి డబ్బులివ్వనన్నాను.

"సరేనండీ, ఇవ్వొద్దు. ముట్టుకోనివి వెనక్కి తీసుకుంటాను," అంటూ నా ముందున్న గిన్నెల్లోకి తొంగిచూసింది.

ముళ్లు, ఎముకలు తప్ప ఏమీ లేవు. పర్సు తీశాను.