రిజిస్టరులో లేని ఈసీజీ

నర్సుగా చేరిన కొత్తలో శవాల గదికి ఆనుకుని ఉన్న వార్డులో నాకు డ్యూటీ వేశారు. పోయినవాళ్ల ముక్కులో దూది పెట్టి, కాలి బొటనవేళ్లు కలిపి కట్టి, బంధువులకు అప్పగించి, చేతులు కడుక్కుని నా టిఫిన్ నేను తినేదాన్ని. ఎవరో నడిచినట్టుందని, మంచం కదిలిందని తోటి సిస్టర్లు చెబితే నవ్వేసేదాన్ని. మనిషి పోయాక ఏమీ మిగలదని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం ఇప్పటికీ పూర్తిగా మారలేదు. అందుకే ఈ సంగతిని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

తొంభైల మొదట్లో ఖమ్మంలో ఒక గుండె డాక్టరు గారి దగ్గర పనిచేసేదాన్ని. ఈసీజీ తీయడం నా పని. అడవి పక్క ఊళ్ల నుంచి గుండెపోటు వచ్చినవాళ్లను ఎడ్లబండి మీదో ట్రాక్టరు మీదో తెచ్చేవాళ్లు. చాలామంది దారిలోనే పోయేవాళ్లు. అది చూడలేక డాక్టరు గారు నెలకో ఆదివారం మమ్మల్ని జీపులో ఎక్కించుకుని పల్లెలకు బయలుదేరేవారు. నొప్పి వచ్చాక మనం చేసేది తక్కువ, రాకముందే పట్టుకోవాలి అనేది ఆయన మాట.

ఆ ఆదివారం ఏన్కూరు దాటి, అడవి అంచున ఉన్న ఒక ఊరి బడిలో క్యాంపు పెట్టాం. వరండాలో ఆ బడి పంతులు గారు కూర్చుని వచ్చినవాళ్ల పేరు రిజిస్టరులో రాసి, నంబరు చీటీ ఇస్తున్నారు. గది గుమ్మం దగ్గర మా ఆయా మరియమ్మ చీటీ చూసి ఒక్కొక్కరినే లోపలికి పంపుతోంది. లోపల రెండు బెంచీలు కలిపి దుప్పటి పరిచి, నేను మిషన్ పెట్టుకున్నాను. ఆ పక్క గదిలో డాక్టరు గారు. రెండు గదులకూ మధ్య తలుపు ఉంది.

మధ్యాహ్నం భోజనాలకు ముందు, ఒకామెను పంపించేసి మిషన్‌లో కాగితం సర్దుకుంటున్నాను. తల ఎత్తేసరికి ఒక మనిషి బెంచీ మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పుతున్నాడు. మరియమ్మ పంపిందనుకున్నాను. చీటీ ఏదని అడిగితే లేదన్నాడు. పోనీలే అని పేరు అడిగి కాగితం మీద నేనే రాశాను. బిక్షమయ్య. వయసు నలభై ఆరు.

నల్లగా, ఎముక బలం ఉన్న మనిషి. గోళ్ల సందుల్లో మట్టి ఉంది. కుడి మణికట్టుకు రబ్బరు పట్టీ కడుతుంటే అక్కడ ఒక పచ్చబొట్టు కనిపించింది. ఎండ్రకాయ బొమ్మ అనుకున్నాను. ఆ చేయి చల్లగా ఉందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుందేమో. కానీ వెచ్చగానే ఉంది. కొంచెం చెమట కూడా పట్టి ఉంది.

అందరూ జెల్లీ చల్లగా తగిలితే ఉలిక్కిపడతారు. అతను కదలలేదు. మిషన్ నడుస్తుండగా ఒక్కటే మాట్లాడాడు.

"మా తమ్మునిక్కూడ గిది తీయున్రి సిస్టరమ్మా."

సాయంత్రం దాకా ఉంటామని, వెంటబెట్టుకుని రమ్మని చెప్పాను.

"నేను పిలిస్తే రాడు. మీరే పిలవాలె."

నా కళ్లు అప్పటికే కాగితం మీద ఉన్నాయి. మామూలు మనిషికి గీత ముల్లులా లేచి కిందికి దిగిపోతుంది. ఇతనికి దిగడం లేదు, పైనే ఉండి గుట్టలా వంగుతోంది. గుండెపోటు అప్పుడే జరుగుతున్నవాళ్లకు అలా ఉంటుంది. కదలకుండా పడుకోమని చెప్పి, కాగితం చింపుకుని పక్క గదిలోకి పరుగెత్తాను. డాక్టరు గారు చూస్తూనే కుర్చీలోంచి లేచారు. ఇద్దరం వెనక్కి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. చేతులకూ కాళ్లకూ కట్టిన పట్టీలు విప్పి, నాలుగూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఉన్నాయి.

గుమ్మంలో మరియమ్మ కూర్చునే ఉంది. ఎటు పోయాడని అడిగితే నా మొహంలోకి వింతగా చూసింది.

"ఎవరమ్మా? ఆ ఆడమనిషి పోయినంక నేనెవ్వర్నీ పంపలే. నువ్వే పిలుస్తవని చూస్తున్న."

మేమిద్దరం వచ్చిన మధ్య తలుపు తప్ప ఆ గదికి ఇంకో దారి లేదు. కిటికీకి ఊచలున్నాయి.

డాక్టరు గారు వరండాలోకి వెళ్లి పంతులు గారిని అడిగారు. బిక్షమయ్య అనేవాడు ఎటు వెళ్లాడు, అతను నడవకూడదు, వెంటనే ఖమ్మం తీసుకుపోవాలి అని. పంతులు గారు రిజిస్టరు తిప్పి చూశారు. ఆ పేరు లేదు. రిజిస్టరు మూసి నెమ్మదిగా చెప్పారు. ఆ ఊళ్లో బిక్షమయ్య అనే పేరుతో ఒక్కడే ఉండేవాడట. రెండేళ్ల కింద మిర్చి తోటలో ఛాతీ పట్టుకుని కూలిపోయాడట. బండి కట్టేలోపే ప్రాణం పోయిందట.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఎవరో జబ్బు మనిషి ఏ కారణం చేతనో తప్పు పేరు చెప్పి వెళ్లిపోయాడని అనుకున్నాను. డాక్టరు గారూ అదే అనుకున్నారు. ఆ మనిషి ఎవరైనా సరే, దొరకకపోతే సాయంత్రానికి బతికి ఉండడని ఆయన ఆదుర్దా. బిక్షమయ్య ఇంటివాళ్లకైనా తెలుస్తుందేమో అని జీపులో వాళ్లింటికి వెళ్లాం.

వాకిట్లో బిక్షమయ్య భార్య ఈరమ్మ ఎండు మిరపకాయలు ఏరుతోంది. ఆమె మరిది నాగయ్య అరుగు మీద ఉన్నాడు. ఇల్లందులో బొగ్గు గనిలో పనిచేస్తాడు, సెలవు రోజని వదిన పిల్లలను చూసిపోదామని వచ్చాడు. డాక్టరు గారు ఎంత జాగ్రత్తగా చెప్పినా నాగయ్య మండిపడ్డాడు.

"సచ్చినోని పేరు జెప్పి ఎవడో మీతోటి ఆటలాడిండు సారూ. గింత దూరం గందుకొచ్చిన్రా?"

ఈరమ్మ తల ఎత్తింది. నన్నే చూస్తోంది. ఎట్లుండె ఆ మనిషి అని అడిగింది. నేను చూసినట్టు చెప్పాను. నలుపు, గట్టి మనిషి, చేతికి ఎండ్రకాయ పచ్చబొట్టు. ఏ చేతికని అడిగింది. కుడి చేతికన్నాను.

ఆమె చేతిలో మిరపకాయలు కింద పెట్టింది.

"ఎండ్రకాయ గాదమ్మా. తేలు. చిన్నప్పుడు పచ్చబొట్టు పొడుస్తుంటె నొస్తుందని లేచి ఉరికిండంట. తోక పొడవనియ్యలే."

తమ్ముడికి కూడా ఇది తీయమని అతను నాతో అన్న మాట అప్పుడు చెప్పాను. డాక్టరు గారు తనకు తెలిసిన దారిలోకి వచ్చారు. మీ నాన్న ఎట్లా పోయాడు నాగయ్యా అని అడిగారు. దున్నుతూ దున్నుతూ పడిపోయాడట, నలభై అయిదు కూడా దాటలేదు. అన్నకు నలభై ఆరు. నీకెంత? నలభై రెండు. చుట్ట తాగుతావా? తాగుతా.

వచ్చింది ఎవరో నాకు తెలియదు గానీ, నీకు మాత్రం పరీక్ష చేయాలి అన్నారు డాక్టరు గారు. రోజూ గనిలోకి దిగి ఎక్కుతున్నా, ఒక్కనాడూ ఆయాసం లేదు, నాకేమైందని నాగయ్య. చివరికి మొహమాటానికి బడికి వచ్చి అదే బెంచీ మీద పడుకున్నాడు. అతని గీత శుభ్రంగా ఉంది. ఒక్క లోపం లేదు.

చూసిన్రా అన్నాడు లేస్తూ.

పడుకుని ఉన్నప్పుడు గుండెకు పని తక్కువ, నాళం సన్నబడినా ఆ గీతలో కనిపించకపోవచ్చు, నడిపించి చూస్తేనే బయటపడుతుంది అని డాక్టరు గారు వివరించారు. ఖమ్మంలో మా దగ్గరికి అప్పుడే నడక మిషన్ వచ్చింది. నాగయ్య రానన్నాడు. డ్యూటీ పోతుందన్నాడు. వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడిన ఈరమ్మ, మరిదితో ఎక్కువగా మాట్లాడని మనిషట, అప్పుడు మాత్రం అంది.

"మీ అన్న అడిగినంక పోవా నాగయ్యా?"

అతను తలవంచుకుని వచ్చి జీపెక్కాడు.

మర్నాడు పొద్దున నడక మిషన్ మీద ఎక్కించాం. ఆరో నిమిషం రాకముందే గీత ఉండాల్సిన చోటు కంటే కిందికి జారడం మొదలైంది, గుండెకు రక్తం చాలడం లేదని దానికి గుర్తు. నాగయ్యకు ఏమీ తెలియడం లేదు, ఇంకా నడుస్తానంటున్నాడు. డాక్టరు గారు మిషన్ ఆపేశారు. గని దవాఖానా నుంచి కాగితాలు రాయించి హైదరాబాదు పంపారు. అక్కడ గుండె నాళాల్లోకి మందు ఎక్కించి ఫోటోలు తీస్తే మూడు చోట్ల పూడుకుపోయి ఉన్నాయి. ఒకటి దారమంత మిగిలింది. ఆపరేషన్ చేశారు. ఇంకో ఏడాది గడిచి ఉంటే అన్న పోయినట్టే పోయేవాడని అక్కడి డాక్టర్లు అన్నారట.

ఈ మధ్యలో డాక్టరు గారు ఊరుకోలేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ మనుషులను పంపి అడిగించారు. ఆ వారంలో ఎక్కడా ఛాతీ నొప్పితో ఎవరూ పడిపోలేదు, ఎవరూ చనిపోలేదు. ఆ కాగితంలో గుండె ఉన్న స్థితికి, ఆ మనిషి మందు లేకుండా మామూలుగా తిరగడం జరగని పని. మిషన్ పాడైందేమో అని కంపెనీ మనిషితో విప్పించి చూశారు. బాగానే ఉంది. నేనే ఎండకు కలగన్నానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కానీ కాగితం నాతోపాటు డాక్టరు గారూ పంతులు గారూ చూశారు. దాని మీద నా చేతిరాతతో పేరు ఉంది. మరియమ్మ బతికినన్నాళ్లూ గుమ్మం దాటి ఎవరూ పోలేదనే చెప్పింది. డాక్టరు గారు ఆ విషయం ఒక్కసారే ఎత్తారు.

"మిషన్ గీత తప్పు గీయొచ్చమ్మా. పేరు మిషన్ రాయదు కదా" అన్నారు. మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆపరేషన్ అయిన నాలుగు నెలలకు నాగయ్య చూపించుకోవడానికి ఖమ్మం వచ్చాడు. తోడుగా ఈరమ్మ వచ్చింది. అతను లోపల ఉండగా ఆమె నా దగ్గరికి వచ్చి, ఆ కాగితం ఉందా అని అడిగింది. ఫైలులోంచి తీసి ఇచ్చాను. చదువు రాదు. రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసింది. ఈ ఎత్తులేంది అని అడిగింది. ఒక్కో ఎత్తు గుండె ఒకసారి కొట్టుకోవడం అని చెప్పాను. ఆమె వేలు పెట్టి ఒక్కో ఎత్తునూ తాకుతూ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయింది.

"తోటల పడ్డనాడు నేను మంచినీళ్లకు పోయిన. వచ్చేటాళ్లకు అయిపోయింది. ఏమన్న అన్నడో, అనలేదో." కాగితం మీంచి వేలు తీయకుండానే అడిగింది. "నీ దగ్గరికొచ్చిననాడు నొస్తుందన్నడా బిడ్డా?"

లేదన్నాను. అది నిజమే. నొప్పి అని అతను అనలేదు. తమ్ముడి మాట తప్ప ఇంకేమీ అనలేదు. ఆ సంగతి చెప్పాను. ఈరమ్మ కళ్లు తుడుచుకుని, కాగితం మడవకుండా జాగ్రత్తగా నా చేతికి ఇచ్చేసింది. ఇంట్లో ఎలుకలు కొడతాయి, మీ దగ్గరే ఉండనీయమంది.

నాగయ్య గనిలోకి దిగనక్కర్లేని పైపనికి మారి, రిటైరయ్యే దాకా చేశాడు. నేను తర్వాత ముప్పయ్యేళ్లు ఈసీజీలు తీశాను. ఎన్ని వేలో లెక్కలేదు. అలాంటిది మళ్లీ జరగలేదు. దయ్యాలు ఉన్నాయా అని ఎవరైనా అడిగితే ఇప్పుడూ లేవనే అంటాను. మరి ఆ రోజు బెంచీ మీద పడుకున్నది ఎవరని అడిగితే మాత్రం, నేను రాసుకున్న పేరే చెప్పగలను. అంతకు మించి నాకు తెలియదు.