సుక్మా బస్టాండులో నేర్పిన ఒక్క మాట

మిరపకోతకు మనుషుల్ని తీసుకెళ్లే బండి పోయిందా అని రెండేళ్ల కిందట సుక్మా బస్టాండులో ఒకామె నన్ను అడిగింది. పొద్దున్నే పోయిందని చెప్పాను. బండి పోయిన రోడ్డు వైపు చూస్తూ అక్కడే కింద కూర్చుంది.

"మీవాళ్లున్నారా అందులో?"

"మావోళ్లు గాదక్కా. బడిల నా బిడ్డ పక్కన కూసునే పిల్ల, ముత్తి. వాళ్ల అమ్మానాయన పనికి తోలుకపోతమన్నరు. పిల్లను నా కాడ ఇడిసిపోండి, బువ్వ నేను పెడతనని అడగనీకొచ్చిన."

బడిలో వాళ్ల సారుకు హిందీ తప్ప రాదట. ఆయన చెప్పింది ముత్తి వాళ్ల ఇళ్లలో మాట్లాడే దోర్లీలో ఆమె కూతురికి చెప్పేదట. కూతురేమో ముత్తికి లెక్కలు చూపించేదట. ప్రయాణం పనులతో నాలుగు రోజులుగా ముత్తి బడికి రాకపోయేసరికి, ఆ పిల్ల బడికి పోనని గుంజను పట్టుకుని ఏడుస్తోందట.

"నాకు హిందీ వస్తే నేనే పోయి దాని పక్కన కూసుందును," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "అర్థం గాలేదు, మళ్ల చెప్పమని హిందీల ఎట్లంటరక్కా? ఆ ఒక్కటి నేర్పు. నా బిడ్డకు చెప్పుకుంట."

"సమఝ్ మే నహీ ఆయా సర్, ఫిర్ సే బతాయియే."

మధ్యలో నాలుక తిరగక ఆగిపోయేది, మళ్లీ మొదటినుంచి అనేది. గీదం బస్సు వచ్చేదాకా అలాగే అంటూనే ఉంది. నేనెక్కి కూర్చున్నాక కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"గిట్లంటే సారు కొట్టడు గదా అక్కా?"

కొట్టడని గట్టిగా చెప్పాను. ఆమె నమ్మి తలూపింది. ఆ సారును నేనెన్నడూ చూడలేదు.