పక్కింటి అమ్మమ్మ వెండి టోపీ

మొన్న మంగళవారం పిల్లల్ని స్కూల్ బస్ ఎక్కించి వస్తుంటే, పక్కింటి అమ్మాయి చెప్పుల్లేకుండా డ్రైవ్‌వే మీద నిలబడి ఉంది. "అమ్మ వెళ్లిపోయింది," అంది. దగ్గరికి తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మకి టోపీ పెట్టడం నాకు రాదు. నువ్వొస్తావా?" అంది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

వాళ్లమ్మని మా పిల్లలు పక్కింటి అమ్మమ్మ అనేవాళ్లు. నాకూ అదే అలవాటైంది. ఆవిడ లావోస్ కొండల్లో పుట్టిన అఖా మనిషి. చైనా, బర్మా, థాయిలాండ్, లావోస్ సరిహద్దు కొండల మీద వరి పండించుకుని బతికే జనం అఖాలు. యుద్ధం తర్వాత ఆవిడ కొండ దిగి, శరణార్థి శిబిరంలో కొన్నేళ్లుండి, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని అమెరికా చేరింది. మేం మోరిస్‌విల్ వచ్చింది రిసెషన్ రోజుల్లో. మా ఆయన ఆఫీస్‌కి వెళ్లేవారు. హెచ్-4 వీసా కాబట్టి నేను ఉద్యోగం చేయకూడదు, ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ ఉండేదాన్ని. అలాంటి ఒక మధ్యాహ్నం మెయిల్‌బాక్స్ దగ్గర ఆవిడని మొదటిసారి చూశాను. కింద స్వెట్‌ప్యాంట్, పైన కూతురి పాత కాలేజీ జాకెట్, తల నిండా వెండి.

వెండి బొడిపెలు వరసలుగా కుట్టిన బిగుతు టోపీ, చెంపల పక్కన వేలాడే నాణేల దండలు, ఎర్ర పూసలు, రంగు వేసిన కోతి బొచ్చు కుచ్చులు. నేను అలా చూస్తూ నిలబడిపోయాను. ఆవిడేమో విరబోసుకున్న నా జుట్టు చూసి, "హెడ్... హోమ్ ఫర్గెట్?" అంది. తల ఇంట్లో మరిచిపోయి వచ్చావా అని! అప్పట్నుంచి గుమ్మం దాటే ముందు జుట్టు ముడి వేసుకోవడం నాకు అలవాటైపోయింది.

మా అమ్మ ఆర్నెల్లు ఉండటానికి వచ్చినప్పుడు వాళ్లిద్దరికీ భలే జత కుదిరింది. ఒకరి భాష ఒకరికి రాదు. డెక్ మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకునేవారు. అమ్మ ఆవిడని వదినా అని పిలిచేది. ఒకరోజు ఆ నాణేల్లో ఒకదాన్ని పట్టుకుని చూసి, "ఒసేయ్, ఇటురా! ఇది మన రూపాయే! కిరీటం పెట్టుకున్న రాజు బొమ్మ. మా నాయనమ్మ దేవుడి పెట్టెలో ఉండేది," అని కేకేసింది. బర్మా కొండల్లో ఒకప్పుడు వర్తకులు ఇచ్చింది మన వెండి రూపాయలేనట. అఖా ఆడవాళ్లు వాటికి చిల్లులు పొడిచి తలకెక్కించుకున్నారు. అమ్మమ్మకి అవి తల్లి వైపు నుంచి వచ్చినవి. ఆ రోజుతో వదిన మా అమ్మ లెక్కలో చుట్టాల్లో కలిసిపోయింది.

దాన్ని టోపీ అని పిలిస్తే ఆవిడకి ఒళ్లు మండేది. వాళ్ల భాషలో దానికో పేరుంది, నా నోరు తిరగలేదు. వాళ్ల ఊళ్లో పసిపిల్లకి గుడ్డ టోపీ పెడతారు. పెరిగేకొద్దీ పూసలు చేరతాయి, ఈడొచ్చాక వెండి. పొలంలోనూ తియ్యరు, పడుకున్నా తియ్యరు. ఇక్కడ ఐడీ కార్డు ఫోటో కోసం తియ్యమన్నారట, తీసింది. కానీ ఆ కార్డుని పర్సులో బోర్లా పెట్టుకునేది. అడిగితే "దట్, నాట్ మీ," అనేది. అప్పుడు నవ్వుకునేదాన్ని. స్కూల్లో పిల్లలు ఎగతాళి చేస్తున్నారని కూతురు చిన్నప్పుడు ఒకసారి లోపలికి రావద్దు, కార్‌లోనే కూర్చోమందట. అమ్మమ్మ కార్‌లోనే కూర్చుంది, టోపీ మాత్రం తియ్యలేదు.

ఆ పట్టుదల వెనక ఒక భయం ఉండేది. పోయినవాళ్లు తమ పెద్దల ఊరు చేరతారని ఆవిడ నమ్మకం. ఊరి వాకిట్లో ముందు పోయిన అమ్మలూ అమ్మమ్మలూ ఎదురుచూస్తుంటారు. వయసుతో మొహాలు మారిపోతాయి కదా, తలని చూసి గుర్తుపడతారు. వట్టి తలతో వెళ్తే పరాయిదనుకుంటారు. దేశాలు దాటి వచ్చిన మనిషి, అక్కడ కూడా ఎవరికీ చెందకుండా పోతానేమో అని బెంగపడేది.

క్యాన్సర్ అని తెలిసిన వారం ఆవిడ నన్ను పిలిచింది. రోజూ పొద్దున డెక్ మీద మా అమ్మాయికి నేను జడ వేస్తుంటే ఆవిడ కిటికీలోంచి చూసేదట. కూతుర్ని చూపించి, "డాటర్, ఫార్మసిస్ట్. వెరీ స్మార్ట్. హెయిర్... నథింగ్!" అంది. కూతురూ నవ్వేసింది. తర్వాత నా చేతులు తన తల మీద పెట్టుకుని, పాయలు ఎలా తియ్యాలో, టోపీని జుట్టుకి ఎక్కడ బిగించాలో నేర్పింది. ఆ తర్వాత కీమో మొదలై జుట్టంతా రాలిపోయింది. ఇప్పుడెలా అని ఆవిడ అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు.

ఆవిడ పోయిన సంగతి మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "మనలో అయితే ముక్కుపుడక కూడా తీసేసి పంపుతాం. అంత వెండి మట్టిపాలు చేస్తారుటే?" అంది. తర్వాత, "వదిన అడిగింది కదా, పెట్టండి. వట్టి తలతో పంపకండి తల్లీ," అంది.

ఫ్యూనరల్ హోమ్‌లో ఆవిడకి చేత్తో కుట్టిన నల్ల జాకెట్ తొడిగి పడుకోబెట్టారు. టోపీ పెట్టాం. జారి కనుబొమ్మల మీదకి వచ్చేసింది. మళ్లీ పెట్టాం. ఈసారి ఒక పక్కకి ఒరిగింది. అక్కడి పెద్దాయన మర్యాదగానే, "గుండెల మీద పెడదామా? చాలామంది అలా చేస్తారు," అన్నాడు. పక్కింటి అమ్మాయి నా వైపు చూసింది. సరే అనబోతోందని తెలిసింది. "పది నిమిషాలు ఆగండి," అని కార్ తీశాను.

ఇంటికెళ్లి సూట్‌కేసు అడుగు నుంచి సవరం తెచ్చాను. పూలజడ కోసమని మా అమ్మ కొనిపెట్టిన పొడుగాటి సవరం. పక్కింటి అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది వేరేవాళ్ల జుట్టు. అమ్మ ఒప్పుకుంటుందా?" అంది.

"కోతి బొచ్చు పెట్టుకున్న మనిషి దీన్ని వద్దంటుందా?" అన్నాను. అంత దుఃఖంలోనూ నవ్వింది.

తలకి మెత్తటి గుడ్డ కట్టి, దాని మీద సవరాన్ని చుట్టకుదురులా చుట్టి పిన్నులు పెట్టాను. ఆవిడ నేర్పిన చోట్లే, ఆ జుట్టుకే టోపీని బిగించాను. నిలిచింది. గడ్డం కింద ముడి మాత్రం వెయ్యలేదు, పక్కకి తప్పుకున్నాను. పక్కింటి అమ్మాయి వంగి, తనే ఆ ముడి వేసింది. అప్పుడు చూస్తే మందులూ నొప్పులూ తినేసిన ముఖం కాదు, నాకు తెలిసిన ముఖమే. నేను ఏడ్చాను.

వాళ్లవాళ్లు ఎక్కడెక్కడి నుంచో డ్రైవ్ చేసుకుని వచ్చారు. పెట్టె మూశారు. మేనల్లుళ్లు భుజాల మీదకి ఎత్తుకుని మెట్లు దిగుతుంటే పెట్టె కాస్త ముందుకు వాలింది. లోపల వెండి గలగలమంది. కుర్రాళ్లు బెదిరి ఆగిపోయారు. వెనక ఉన్నవాళ్లూ ఆగిపోయారు.

"ఆగకండి," అంది పక్కింటి అమ్మాయి. "అమ్మ బయల్దేరింది."

వాళ్లు మళ్లీ అడుగు వేశారు. మేమందరం లోపల్నుంచి వచ్చే ఆ చప్పుడు వింటూ, దాని వెనకే నడిచాం.