అక్కాచెల్లెళ్ళ ప్రమాణం

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మోహనది కాయలు ఏరే పని. బెల్టు మీద కదిలిపోయే తోతాపురి కాయల్లో కుళ్ళినవాటిని తీసి పక్కన పడేయాలి. పొద్దస్తమానం తడి గచ్చు మీద నిలబడాలి. నలభై దాటకముందే నడుము పట్టేసింది. మెడికల్ షాపతను ఒక బిళ్ళ ఇచ్చాడు. అది వేసుకుంటే నొప్పే కాదు, లోకం మొత్తం కాస్త దూరం జరిగినట్టుండేది. ఆ హాయికి అలవాటుపడి నొప్పి లేని రోజు కూడా మింగసాగింది. దాన్ని వ్యసనమని మాత్రం ఆమె ఎన్నడూ అనుకోలేదు. వ్యసనం చెల్లెలిది.

చెల్లెలు లోహిత. తల్లి పోయేనాటికి చంటిబిడ్డ. తండ్రి కుప్పయ్య ట్రాక్టరు డ్రైవరు. సాయంత్రమైతే తాగి ఎక్కడ పడితే అక్కడ పడిపోయేవాడు. చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది మోహనే. ఆ పెంపకంలోనే ఆమె పెళ్ళి వయసు దాటిపోయింది. లోహిత చిత్తూరులో పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేసే పని నేర్చి మంచి పేరు తెచ్చుకుంది. కట్టుకున్నవాడు తాగేవాడు. ఒక్కడే తాగలేక పక్కన కూర్చోబెట్టుకుని ఆమెకూ అలవాటు చేశాడు. తర్వాత అతను అయ్యప్ప మాల వేసి శుభ్రంగా మానేశాడు. తాగే పెళ్ళాంతో వేగలేనని పుట్టింట్లో దింపిపోయాడు. ఈ సంగతి విన్నవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు, తర్వాతే అయ్యో అనేవాళ్ళు.

కుప్పయ్య పోయాక కర్మంతరం నాడు ఫొటో ముందు ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టారు. చేపల పులుసు, వడలు, బీడీ కట్ట, ఒక క్వార్టర్ సీసా. దండం పెట్టుకోవడం అయ్యాక మేనమామ మునివెంకటప్ప, ప్రసాదమంటూ సీసా ఎత్తి గొంతులో పోసుకుని మొహం వికారంగా పెట్టాడు.

“ఏం మే మోహనా, ఇది టీ డికాక్షను గదా!”

భోజనాలకు కూర్చున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. మోహనకూ నవ్వొచ్చింది. చెల్లెలి కోసం పెరట్లోకి వెళ్ళింది. లోహిత తాగిన మత్తులో స్నానాలగది గోడ వార ఒరిగిపోయి, జడలో పూలు నేలకు రాసుకుంటుంటే “నాయనా, నాయనా” అని ఏడుస్తోంది. మోహన నోటి మీది నవ్వు అక్కడే ఆరిపోయింది.

కొన్నాళ్ళకే చెల్లెల్ని కాణిపాకం తీసుకుపోయింది. అక్కడి వినాయకస్వామి ముందు తప్పుడు ప్రమాణం చేసినవాళ్ళు బాగుపడరని ఆ పక్క నమ్మకం. అక్కడ ఒట్టేసి తాగుడు మానినవాళ్ళు ఊరికి నలుగురుంటారు. తీరా గుడి ముందుకొచ్చాక లోహిత ఆగిపోయింది.

“నువ్వూ ఒట్టు పెట్టు కా. అట్లయితేనే నేను పెడతా.”

“నేనేమన్నా తాగతా ఉండానా?”

“మింగతా ఉండావు గదా. నాదీ మందే, నీదీ మందే.”

మోహనకు ఒళ్ళు మండింది. అయినా అది ఒట్టేస్తే చాలనుకుని, తలస్నానం చేసి, తడిబట్టలతో చెల్లెలి పక్కన నిలబడి తనూ ప్రమాణం పలికింది. మనసులో మాత్రం, ‘స్వామీ, ఇది దానికోసం’ అనుకుంది.

మొదట్లో లోహిత నరకం చూసింది. చేతులు వణికాయి. గోడల నిండా చీమలని అరిచి దుప్పటితో కొట్టింది. మోహన పనికి పోకుండా పక్కనే ఉండి గంజి తాగించింది. మెల్లగా మనిషి తేరుకుంది. పలమనేరులో ఒక పెళ్ళికి పిలిస్తే వెళ్ళి, చెయ్యి వణక్కుండా పెళ్ళికూతురికి కాటుక దిద్ది, వస్తూ వస్తూ అక్కకు మల్లెపూలు తెచ్చింది. అన్నం దగ్గర రోజూ అడిగేది.

“మింగలే గదా కా?”

“మింగలే.”

మోహన మింగుతూనే ఉంది. మానాలని చూసిన రోజు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది, బెల్టు మీద కాయలు మసకబారిపోయేవి. బిళ్ళలను రాగిపిండి డబ్బాలో దాచుకుంది. ఒక మధ్యాహ్నం, అక్క అలిసి వస్తుందని సంగటి కెలకబోయి లోహిత ఆ డబ్బాలో చెయ్యి పెట్టింది.

మోహన వచ్చేసరికి బిళ్ళల అట్ట పీట మీద ఉంది. చెల్లెలు తిడుతుందనుకుంది. లోహిత తిట్టలేదు. ఏదో వెతుకుతున్నట్టు అక్కను నిలువునా చూసింది.

“నీకేం కాలే గదా కా?”

“ఏం కావాల?”

“స్వామి నిన్నేం చెయ్యలే. బాగుండావు.” లోహిత మొహం విప్పారడం చూసి మోహనకు భయమేసింది. “అట్లయితే నన్ను మాత్రం ఏం చేస్తాడు?”

చెప్పులేసుకుని బయల్దేరింది. మోహన వాకిట్లో ఆమె కాళ్ళు చుట్టేసుకుంది.

“తప్పు నాది మే. నీ ఒట్టు నువ్వు నిలబెట్టుకో.”

“నువ్వు పెంచిన బిడ్డనే గదా కా. నీ మాదిరే ఉంటా,” అంటూ లోహిత కాళ్ళు విడిపించుకుని వెళ్ళిపోయింది.

ఈసారి తాగుడుకు అడ్డూ ఆపూ లేకపోయింది. కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, కాళ్ళు వాచాక మోహన ఆమెను తిరుపతి ఆసుపత్రిలో చేర్చింది. డాక్టరమ్మ మోహనను పక్కకు పిలిచి, లివరు పూర్తిగా చెడిపోయిందని, ఇక చేయగలిగింది లేదని చెప్పింది. పొద్దున మింగిన బిళ్ళల మత్తులో ఆ మాటలు ఇంకెవరికో చెబుతున్నట్టు వినబడ్డాయి. ఏడవాలని మోహనకు తెలుసు. ఏడుపు రాలేదు.

ఇప్పుడు లోహిత మంచం దిగలేకపోతోంది. చుక్క పడకపోతే మళ్ళీ గోడల నిండా చీమలంటూ అరుస్తుంది. వైన్ షాపుకు మోహనే పోతుంది. కొంగు తల మీదుగా కప్పుకుని నిలబడితే, ఆడమనిషని మగవాళ్ళు జరిగి దారిస్తారు. ఒకసారి మునివెంకటప్ప కూడా జరిగాడు. “నువ్వు ముందు తీసుకోమ్మా,” అన్నాడే కానీ మొహం చూడలేదు.

నిన్న ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది, సీజను మొదలైంది, పనికి రమ్మని. పోకపోతే తిండికి జరగదు. పోతే పగలంతా చెల్లెలి దగ్గర ఎవరుంటారు? ఎదురింటి దేవకమ్మ మంచి మనిషి, చూసుకోమంటే చూసుకుంటుంది. కానీ వేళకు గ్లాసులో కొంచెం పోసి, నీళ్ళు ఎక్కువ కలిపి తాగించమని ఆ తల్లిని ఎట్లా అడగాలో తెలియక మోహన గడపలోనే కూర్చుండిపోయింది.