పైకెత్తిన బకెట్

మా అడాజన్ ఫ్లాట్ల లిఫ్ట్ తరచూ రెండంతస్తుల మధ్య ఆగి ఆలోచనలో పడుతుంది. అందులో ఇరుక్కున్నప్పుడల్లా మా యార్డులో ట్రాక్టర్లు బాగుచేసిన మేస్త్రీ గుర్తొస్తాడు.

మా నగరంలోనే డిండోలిలో ఉంటూ, ఏళ్లపాటు మగ్గాలు నడిపి ఈ పనిలోకి వచ్చినవాడు. క్లచ్ విప్పాలంటే ముందు ట్రాక్టర్ ముందు మట్టి ఎత్తడానికి బిగించిన లోడర్‌ని ఊడదీయాల్సిందే అనేవాడు. దాని ఇనుప బకెట్‌ని నేలకు ఆనించి, ఇంజిన్ ఆపి, గొట్టాల్లో మిగిలిన ఆయిల్ ప్రెషర్ పోయేదాకా లివర్లు కదిపేవాడు. ఆ తర్వాత బకెట్ మీద అరచెయ్యి వేసి, "పండుకున్నదా?" అని అడిగేవాడు. అది ఎన్నడూ బదులివ్వలేదు. ఆయన నొచ్చుకోనూ లేదు.

"మగ్గం ఆపితే ఆగుతది సార్. ఇది ఆగినట్టు నటిస్తది."

పని మానేసి ఊరికి పోయే రోజున, భార్యతో కలిసి మాకు చెప్పిపోవడానికి వచ్చాడు. కొత్త మెకానిక్ లోడర్ ఊడదీయకుండానే, పైకెత్తిన బకెట్‌కి చెక్క దుంగ ఆసరా పెట్టి, దాని కింద పడుకొని నట్లు విప్పుతున్నాడు. మేస్త్రీ సంచి కింద పడేసి, అతన్ని కాళ్లు పట్టుకొని బయటికి లాగాడు.

"దుంగ పెట్టిన గదా కాకా!"

మేస్త్రీ వినిపించుకోకుండా, బకెట్ దించడానికి లివర్ల దగ్గరికి నడిచాడు.

"జర జల్దీ రా, రైలు పోతది," అంది భార్య.

"రేపు ఇంకో రైలుంటది. వీనికి ఇంకో తలకాయ ఉంటదా?"