చిట్టెమ్మత్తను నేనే నిలబెట్టాను

ఎన్నికల్లో ఓడినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. పోటీయే లేని ఎన్నికలో తానే ఊరంతా వెతికి ఒక ప్రత్యర్థిని తెచ్చి నిలబెట్టుకుని, ఆ ప్రత్యర్థి చేతిలో చిత్తుగా ఓడిన శుంఠ మాత్రం, నాకు తెలిసినంతలో, ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే. ఇప్పటికీ ఆ ఇరవై ఆరేళ్ళ రాయుణ్ణి తలచుకుంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. మొత్తం విని, ఒక చెంప చాలునో, రెండూ కావాలో మీరే చెప్పండి.

మా ఊరు ఉంగుటూరుకు దిగువన, కొల్లేటి వైపు. రాజమండ్రిలో ఇంటరు రెండుసార్లు తప్పి ఊరు చేరాను. ఉప్పు సత్యాగ్రహం జరిగి మూడు నాలుగేళ్ళయింది. జైలుకు వెళ్ళే ధైర్యం నాకు లేదు, ఊరికే కూర్చునే ఓపికా లేదు. అందుచేత ఏలూరు వెళ్ళి రెండు ఖద్దరు లాల్చీలు కుట్టించుకుని, స్త్రీజనోద్ధరణ మొదలుపెట్టాను. స్త్రీలు రాజకీయాల్లోకి రావాలని నేను ఉపన్యసించని అరుగు ఆ చుట్టుపక్కల లేదు. ఇంట్లోనూ సాధన చేసేవాణ్ణి.

"ఓ ఆంధ్ర మహిళలారా! మేల్కొనండి!" అని నేను గోడకేసి గర్జిస్తూంటే మా ఆవిడ కామేశ్వరి వచ్చేది.

"నాలుగింటికే మేల్కొన్నానండి. పాలు పితికాను, దూడని కట్టేశాను. ముందీ మజ్జిగ తాగండి, గొంతు ఆరిపోతోంది."

తాడేపల్లిగూడెంలో ఒక సభ జరిగింది. నాది గంటన్నర ఉపన్యాసం. మేమంతా ఆడవాళ్ళని ఇంటి దగ్గర వదిలేసి వచ్చి, ఆడవాళ్ళు ఇంటి దగ్గర ఉండిపోకూడదని చప్పట్లు కొట్టుకున్నాం. సభలో ఒక్క ఆడమనిషి కూడా లేదన్న సంగతి ఇన్నేళ్ళకు మీకు చెబుతూంటే గుర్తొస్తోంది గానీ, ఆ రోజు నా బుర్రకు తట్టనేలేదు.

ఇంతలో మా పంచాయతీ ప్రెసిడెంటుగారు కీళ్ళనొప్పులతో తప్పుకున్నారు. ఊరి పెద్దలందరూ, "రాయుడైతే ఇంగ్లీషులో అర్జీలు రాస్తాడు, వాణ్ణే చేసేద్దాం" అన్నారు. ఇంకెవరైనా అయితే ఇంట్లో పాయసం వండించేవారు. నాకు మాత్రం దిగులు పట్టుకుంది. పోటీ లేకుండా గెలిస్తే ఎవరికి తెలుస్తుంది? ఏలూరు పత్రికలో ఒక్క ముక్క పడుతుందా? అప్పుడు వచ్చింది నాకా దివ్యమైన ఆలోచన. ఒక ఆడమనిషిని నా మీద పోటీకి పెడతాను. ఆవిడకి అయిదారు ఓట్లు వస్తాయి. నేను గెలిచి, ఆవిడని మెచ్చుకుంటూ ఒక ఉపన్యాసం దంచుతాను. ప్రెసిడెంటు పదవీ నాదే, స్త్రీలకి దారి చూపిన కీర్తీ నాదే.

మా మేనత్త చిట్టెమ్మత్త దగ్గరకు వెళ్ళాను. చిన్నతనంలోనే మావయ్య పోతే, తన నాలుగెకరాలూ తనే దగ్గరుండి చేయించుకునే మనిషి. కల్లంలో ధాన్యం తూర్పారబట్టిస్తోంది.

"ఆడవాళ్ళు రాజకీయాల్లోకి రావాలత్తయ్యా" అన్నాను.

"వచ్చి?"

ఈ ప్రశ్న నన్ను ఏ సభలోనూ ఎవరూ అడగలేదు.

"వచ్చి... ఎన్నికల్లో నిలబడాలి."

"నిలబడి?"

"ఈసారికి ఓడిపోవాలి."

అత్తయ్య చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"నువ్వు ప్రెసిడెంటువయ్యాక కాలవ రేవుకి మెట్లు కట్టిస్తావా అబ్బాయ్? మీ వదిన అక్కడేగా బిందెతో జారిపడి మూణ్ణెల్లు మంచాన పడింది? వచ్చే వర్షాలకి ఇంకెవరి నడుం విరుగుతుందో!"

ఆ మాట నిజం. మా వదిన అంటే నా సొంత అన్నయ్య భార్య. రేవులో బంకమట్టి తప్ప మెట్టన్నది లేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ రోజుకి నాలుగుసార్లు ఆ బురదలోంచే నీళ్ళు మోసేవారు. అయినా ఆ మహానాయకుడు ఏమన్నాడో వినండి.

"రేవు చిన్న విషయం అత్తయ్యా. నేను పఠనాలయం కట్టిస్తాను. ముందొక కమాను, దాని మీద నా పేరు."

"ఊళ్ళో చదివేవాడివి నువ్వొక్కడివేగా?"

"అందుకే ముందు పఠనాలయం ఉండాలి."

"సరే, నిలబడతాను. ఆడవాళ్ళందర్నీ ఓటుకి రమ్మంటావా?"

"అందరూ రావాలి! ఒక్కరు మానినా నేనొప్పుకోను."

ఎలా ఉంది? తాడేపల్లిగూడెంలో కరపత్రాలు అచ్చు వేయించాను. వాటిలో నా పేరు వంకాయంత, అత్తయ్య పేరు ఆవగింజంత. నేను, మా అన్నయ్య, నా లాల్చీలు ఇల్లిల్లూ తిరిగాం. "మీ కోడళ్ళని పంపకపోతే దేశానికి ద్రోహం చేసినట్టే" అని మావగార్లను బెదిరించాను.

ఓటర్ల జాబితా చూడలేదా అంటే, చూశాను. నా పేరు తప్పు లేకుండా పడిందని చూసుకుని మూసేశాను. రెండో పేజీ తిప్పి ఉంటే ఈ కథ లేదు. మా ఊళ్ళో మేనరికాలు ఎక్కువ. ఆడపిల్లకి పసుపు కుంకుమల కింద ఎకరమో, అరెకరమో ఆమె పేరనే రాసిస్తారు. ఊళ్ళో సంబంధమే గనక ఆ పొలమూ ఊళ్ళోనే ఉంటుంది. పొలమూ పన్నూ ఎవరి పేర ఉంటే ఓటు వాళ్ళది. ఉమ్మడి పొలమంతా ముసలాయన పేర ఉంటుంది కాబట్టి, నలుగురు కొడుకులున్న ఇంట్లో మగ ఓటు ఒక్కటే. కోడళ్ళవి నాలుగు. నాన్న పోయాక పంచుకున్నాం గనక మా అన్నదమ్ములకి మాత్రం చెరొకటి. అంతవరకు ఆ ఓట్లు కాగితం మీద పడి నిద్రపోతున్నాయి. నేను వెళ్ళి ఒక్కొక్కదాన్నే తట్టి లేపాను.

ఎన్నిక నాడు బడి ఆవరణ నిండిపోయింది. ఏలూరు పత్రికాయన కూడా వచ్చి కూర్చున్నాడు. మామూలుగా చేతులెత్తించి లెక్కపెడతారు. నాకది ఘనంగా తోచలేదు. జనం నా వెనక బారులు తీరి నిలబడాలి, పత్రికాయన కళ్ళారా చూడాలి. అందుకని, "ఆడవారు పెద్దల ఎదుట చేతులెత్తరు. ఎవరికి ఓటు వేస్తే వారి వెనక నిలబడేట్టు అనుమతించ ప్రార్థన" అని ఎన్నిక జరిపే ఆఫీసరుగారికి ముందే అర్జీ రాసిచ్చాను. ఇంగ్లీషులోనే.

"సరేనండి, నిలబడండి" అన్నారాయన.

మొదట మా అన్నయ్య వచ్చి నా వెనక నిలబడ్డాడు. తరవాత పెద్దలు, ఇంటికొక మీసం చొప్పున. నా బారు చూసుకుని నాకే ముచ్చటేసింది. అవతల చిట్టెమ్మత్త ఒక్కతే, చింకి గొడుగు వేసుకుని. గోడవారగా ఉన్న ఆడవాళ్ళు మాత్రం కదలలేదు.

"కామేశ్వరీ, రా" అని సైగ చేశాను.

ఆమె తలవంచుకుని చిన్న గొంతుతో అంది. "అక్కడ బావగారున్నారండి. ఆయన కళ్ళెదుట ఎలా నిలబడనండి?"

"మా మావగారున్నారండి" అంది ఇంకొకావిడ.

"మా మావగారూ, పెదమావగారూ ఇద్దరూ ఉన్నారండి!"

అయ్యా, మీకు మా వైపు మర్యాద తెలుసుగా? మావగారు వసారాలోకొస్తే కోడలు తలుపు చాటుకి తప్పుకోవాలి. బావగారి ఎదుట నిలబడి మాట్లాడిన మరదలు మా ఊళ్ళో పుట్టలేదు. ఆ మావగార్లనీ, బావగార్లనీ వరసగా నా వెనక నిలబెట్టుకున్నది సాక్షాత్తూ నేనే.

"అన్నయ్యా, నువ్వు కాస్త అవతలికి..." అన్నాను.

"అవతలికంటే ఎటురా? అత్తయ్య వైపుకా?"

మగవాళ్ళు తప్పుకుంటే మగ ఓట్లు పోతాయి. నిలబడితే ఆడ ఓట్లు రావు. ఆఫీసరుగారి దగ్గరకు పరిగెత్తాను.

"ఏవండీ, పోనీ చేతులెత్తిద్దామండి."

"ఆడవారు చేతులెత్తరని మీరే రాసిచ్చారు కదండీ" అని నా అర్జీ నాకే చూపించారు.

చిట్టెమ్మత్త గొడుగు మూసింది. "ఇటు రండమ్మా. ఇటు మగాళ్ళెవరూ లేరు" అంది. అంతే. కోడళ్ళందరూ మర్యాదగా, తలలు వంచుకుని, ఒకరి వెనక ఒకరు అటు నడిచారు. ఆఖరున మా వదిన కర్ర ఊతంతో వచ్చి అత్తయ్య పక్కన నిలబడింది. నాకు ఇరవై ఆరు ఓట్లు. అత్తయ్యకు నలభై ఒకటి.

గెలిచినవాడి ఉపన్యాసం నా జేబులో ఉంది. ఓడినవాడిది నేను రాసుకోలేదు. చిట్టెమ్మత్త మాత్రం అక్కడికక్కడే అంది. "ముందు రేవు మెట్లు. పదండి, పొద్దెక్కింది."

ఆ రాత్రి అన్నానికి కూర్చున్నాను. కామేశ్వరిని అడిగాను.

"ఒక్క మాట చెప్పు. అన్నయ్య అక్కడ లేకపోతే నా వైపు నిలబడేదానివేగా?"

ఆమె పులుసు వడ్డిస్తూ ఆలోచించింది.

"అప్పుడు ఇంకో కారణం వెతుక్కునేదాన్నండి."

వర్షాలకి ముందే పద్నాలుగు మెట్లు పడ్డాయి. ఆ ఏడు రేవులో ఎవరూ జారలేదు. పఠనాలయం కమాను ఇప్పటికీ నా బుర్రలోనే ఉంది. చిట్టెమ్మత్త నన్ను పిలిచి, "నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది అబ్బాయ్" అని పంచాయతీ మీటింగుల్లో ఆవిడ చెప్పింది రాసే పని అప్పగించింది. ఆరేళ్ళు రాశాను. ఆంధ్ర మహిళలందరినీ నేను మేల్కొలిపినందుకు నాకు దక్కిన పదవి అదొక్కటే.

అందుచేత పాఠకులారా, ఆ రేవు పద్నాలుగో మెట్టు మీద, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, నా ఖద్దరు లాల్చీ సాక్షిగా నేనొక ప్రతిజ్ఞ చేశాను: నేను చెప్పే మాట ముందు నేను నమ్మితే తప్ప, ఇంకెప్పుడూ ఏ ఆడదానికీ చెప్పను. అది విని పై మెట్టు మీద బిందె తోముకుంటున్న మా ఆవిడ అంది: "మంచిదండి. కాస్త పక్కకి జరగండి, నీళ్ళు ముంచుకోవాలి."