తులసి నాటిన సమాధి గుర్తు

ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. ఇవాళ దించుకుంటాను. మీరు వినండి, చాలు.

మేముండే క్యారీ ఊరికి గంట దూరంలో ఓ పాత శ్మశానం ఉంది. జర్మనీ నుంచి వచ్చి కుండలు చేసుకుని బతికిన ప్రొటెస్టెంటు కుటుంబాలది. మా అమ్మాయికి స్కూల్లో వాలంటీర్ అవర్స్ కావాలంటే ఆకులు ఊడ్చడానికి వెళ్లాం. దేవదారు చెట్టు మొదట్లో, సగం మట్టిలో దిగబడి, బోర్లించిన కుండీ ఒకటి కనిపించింది. అడుగున చిల్లు కూడా ఉంది. అబ్బ, మా తులసికి అచ్చంగా సరిపోతుందే అనుకున్నాను. పెకలించి డిక్కీలో పెట్టేశాను.

తులసి నాటి, పసుపు రాద్దామని తుడిస్తే అక్షరాలు బయటపడ్డాయి. ఓ ఆడపిల్ల పేరు. వయసు మూడు నెలలు. ఆ కుమ్మరులు సమాధికి గుర్తు కూడా మట్టితోనే చేసి కాల్చేవారట. నాకేం తెలుసు? సరే, తెలిశాకైనా ఇచ్చేయొచ్చుగా? దొంగతనం కంటే మైలకే ఎక్కువ భయపడ్డాను, నా సిగ్గు తగలెయ్య. ఎవరికైనా తెలిస్తే నవ్విపోతారని అక్షరాలున్న వైపు గోడకి తిప్పి, రోజూ దీపం పెడుతూ వచ్చాను.

మరుసటి ఏడు మళ్లీ వెళ్లాం. ఆ కుమ్మరుల మనవడట, ఓ ముసలాయన, నేల తడుముతూ తిరుగుతున్నాడు.

"ఇక్కడ మా మేనత్త గుర్తు ఉండాలి మేడమ్. మా తాత చేతులతో చేసింది. చూశారా?"

"లేదు సర్. సారీ."

కారెక్కగానే మా అమ్మాయి అంది, "అమ్మా, అది మన తులసి పాట్ కదా?"

"నోర్మూసుకో" అన్నాను. పన్నెండేళ్ల పిల్లని.

ఆయన ఓ చోటు ఊహించుకుని చిన్న రాయి పెట్టించాడు. ఏటా ఈస్టర్‌కి అక్కడ పువ్వులు. నేను దొంగకి తేలు కుట్టినట్టు చూసి వచ్చేదాన్ని.

చెప్పాపెట్టకుండా గేటు దగ్గర వదిలేసి వద్దామా అనుకున్నాను. మరి చోటు ఎవరు చెప్తారు? నేనే తీశాను, నేనే చెప్పాలి.

ఈ ఉదయం తులసిని వేరే కుండీలోకి మార్చి, దాన్ని కడిగి, ఆ ముసలాయన నంబరు కనుక్కుని శ్మశానానికి రమ్మన్నాను. వాకర్‌తో వచ్చాడు. అంతా చెప్పాను. పర్వాలేదనలేదు. అనమని నేనూ అడగలేదు. అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు.

"ఎక్కడ?" అన్నాడు.

పువ్వులున్న రాయిని దాటుకుని ఆరడుగులు నడిచి, దేవదారు మొదట్లో నేల మీద చెయ్యి పెట్టాను.

"పాప ఇక్కడుంది సర్" అన్నాను.